రెండు గంటల స్లాట్‌ల రెండున్నర గంటల ఫ్రాంకెన్‌స్టీన్

హన్మకొండల ఇప్పుడు ఎక్కడ చూసినా మినీ థియేటర్లే గదా, బెలూన్లు కట్టి కేక్ కోపిచ్చి తెర మీద నెట్‌ఫ్లిక్స్ పెట్టేటివి, నక్కలగుట్ట దిక్కు అసొంటి దాంట్లకు మొన్న ఆదివారం నలుగురం పోయినం. బర్త్‌డే ఎవరిదీ కాదు. గిల్యెర్మో డెల్ టోరో తీసిన ఫ్రాంకెన్‌స్టీన్ (2025) ఫోన్ల సగం చూసి ఆపిన, అది ఫోన్ల చూసే సినిమా కాదని. రెండు గంటలకు 1200. సినిమా ఎంతసేపుందో చూస్కొని బుక్ చేయాలె, చూస్కోలే, అది రెండున్నర గంటలు.

రూం సంగతి ముందు చెప్తా. సోఫాలు మెత్తగున్నయ్, ఏసీ బాగుంది, సౌండ్ అయితే మస్తు, ఓడ మంచుల ఇరుక్కపోయే మొదటి సీన్ల సప్పుడు కాళ్ల కిందికి వచ్చింది. కానీ గోడకు లవ్ సింబల్ లైటు ఒకటుంది, అది ఆరదు. కథల సైంటిస్టు విక్టర్ ఫ్రాంకెన్‌స్టీన్ శవాలు కోసి కుట్టేదంతా గులాబీ రంగుల చూసినం. ఫాగ్ ఎంట్రీ, అంటే పొగల నుంచి లోపటికి వచ్చుడు, కావాల్నా అన్నా, 300 ఎక్స్‌ట్రా అని పిల్లగాడు అడిగిండు, హారర్ సినిమా అని చెప్తే ఇంకా గట్టిగ అడిగిండు.

ఇగ సినిమా. కథ తెల్వనోళ్లు ఈ ముక్క చదవకుండ్రి, అన్నీ చెప్తున్న.

ఈ సినిమాకు మూలం మేరీ షెల్లీ నవల, మొదలువెట్టినప్పుడు ఆమె 18 ఏండ్ల పిల్ల, 1818ల ఆమె పేరు లేకుండనే అచ్చయింది. మనోళ్లకు ఫ్రాంకెన్‌స్టీన్ అంటే చదును నెత్తి, మెడకు బోల్టులు యాదికొస్తయ్, అదంతా 1931 సినిమాల బోరిస్ కార్లాఫ్ వేషం, పుస్తకంల లేదు. అసలు ఆ పేరు శవాల ముక్కలతోని ఆ రాక్షసున్ని చేసిన విక్టర్‌ది, ఆ రాక్షసునికి పేరే లేదు. పిడుగులు, మెషిన్లు గూడ సినిమాలోళ్లు పెంచినయే, నవలల ప్రాణం ఎట్ల పోసిండో విక్టర్ చెప్పనే చెప్పడు, చెప్తే ఇంకొకడు చేస్తడని. ఇప్పుడు ఈ సినిమాల మళ్ల పెద్ద టవరు, పెద్ద పిడుగు. చూడనీకి అదిరింది, కాదనను.

నడుమ మా దోస్తు, కాకతీయ యూనివర్సిటీల ఎంఏ ఇంగ్లీష్ చదివిండు, ఒక మాటన్నడు. ఇంగ్లీష్ల ఆ రాక్షసున్ని 'క్రీచర్' అని తప్పించుకుంటరు, తెలుగుల మనకు తప్పదు, 'అది' అనాల్నా 'వాడు' అనాల్నా అని. నాకు సినిమా అంతా గదే నడిచింది బుర్రల. కార్లాఫ్‌కు 1931ల మాటల్లేవ్, మూలుగుడే, అంటే 'అది'. నవలల వాడు గుడిసె గోడ సందుల నుంచి ఒక కుటుంబాన్ని నెలల తరబడి చూసి మాటలు నేర్చుకుంటడు, ఇంగ్లీష్ కవి మిల్టన్ పుస్తకం చదువుతడు, మంచుకొండ మీద తనను చేసినోని ముందల నిలవడి నన్నెందుకు చేసినవని వాదిస్తడు. గట్ల మాట్లాడేటోన్ని 'అది' అని ఎట్లంటం? డెల్ టోరో ఆ నోరు వానికి తిరిగి ఇచ్చిండు, సగం సినిమా వాని మాటల్లనే నడుస్తది. వాని వేషం వేసిన జాకబ్ ఎలోర్డీ ఎంత బాగ చేసిండంటే, మొదట్ల విక్టర్ అన్న ఒక్క పేరే వస్తది నోటికి, ఆ ఒక్క పేరునే భయంతోని ఒకసారి, ప్రేమతోని ఒకసారి అంటడు. ఆ గుడిసెల ఉండే గుడ్డి తాత దగ్గరి సీన్లు అయితే నేను కండ్లు తుడుచుకున్న, గులాబీ లైటుల ఎవలకు కనవడలే.

నా పంచాయితీ ఏందంటే, డెల్ టోరో 'వాడు' దగ్గర ఆగలే, 'అతను' దాక తీస్కపోయిండు. నవలల విలియం చిన్న పిల్లగాడు, విక్టర్ తమ్ముడు, వాణ్ని ఈ క్రీచరే గొంతు పిసికి చంపి మెడల లాకెట్ తీసి జస్టిన్ అనే అమాయకురాలి బట్టల్ల పెడ్తడు, ఆమెను ఉరితీస్తరు, విక్టర్ సంగతి తెలిసి గూడ జడ్జిల ముందు నోరు ఇప్పడు. నాకు ఆ పుస్తకంల అన్నిటికంటె భయమైంది గదే, దయ్యం కాదు, ఆ నోరు మూస్కునుడు. సినిమాల జస్టిన్ లేనే లేదు. విలియం పెద్దోడైండు, ఎలిజబెత్ వానికి కాబోయే పెండ్లాం. నవలల పెండ్లి రాత్రి ఆమెను చంపేది క్రీచరే, ఇక్కడ విక్టర్ క్రీచర్ మీదికి పేల్చిన తూటా ఆమెకు తగుల్తది. అంటే పాపం లెక్క మార్చిండ్రు. పైంగ విలియం సచ్చేముందు నువ్వే రాక్షసునివని విక్టర్‌తోని అననే అంటడు, అప్పటికి రెండు గంటలు చూసినం గదా సారూ, మాకు సమజైంది.

అదే టైంల తలుపు కొట్టిండ్రు. అన్నా స్లాట్ అయిపోయింది, బయట బర్త్‌డే వాళ్లున్నరు అని. బతిమాలి 300 ఇచ్చి అరగంట పొడిగించుకున్నం, ఫాగ్ డబ్బులు గట్ల పోయినయ్. ఓడల విక్టర్ క్షమాపణ అడిగేటప్పుడు బయట పిల్లలు హ్యాపీ బర్త్‌డే ప్రాక్టీస్ చేస్తున్నరు. నవలల ఈ క్షమాపణ ఉండదు, వాడొచ్చేసరికి విక్టర్ పానం పోయి ఉంటది, శవం మీద ఏడ్చి మంచులకు పోతడు, తనను తానే కాల్చుకుంటనని చెప్పి. నాకు గదే నచ్చుతది. మా దోస్తుకు సినిమాదే నచ్చింది, భద్రకాళి బండ్ మీద కూసొని పదిన్నర దాక కొట్లాడినం.

సినిమాకు నాలుగు, రూంకు మూడు. పోయేటోళ్లు మూడు గంటల స్లాట్ తీస్కోండ్రి. లవ్ సింబల్ ప్లగ్గు సోఫా ఎనుక ఉంటది, మేం పోయేటప్పుడు చూసినం.