చేత్తో గ్రీటింగ్ కార్డులు: నాలుగేళ్ల తర్వాత నా డబ్బాలో మిగిలినవి

2021 డిసెంబరులో మా బాబాయి షష్టిపూర్తి వచ్చింది. బజార్లో కొని ఇవ్వడం కన్నా నా చేత్తో చేసి ఇద్దామనిపించి, 1,200 రూపాయలు పెట్టి గ్రీటింగ్ కార్డులు చేసే కిట్ ఒకటి తెప్పించాను. అప్పటి నుంచి ఈ నాలుగేళ్లలో 140కి పైగా కార్డులు చేశాను. పుట్టినరోజులకు, సంక్రాంతికి, రంజాన్‌కి పక్కింటివాళ్లకు, ఆఫీసులో రిటైరైనవాళ్లకు. కొత్తగా మొదలుపెట్టాలనుకునేవాళ్లు "ఏ కిట్ కొనమంటారు?" అని అడుగుతుంటారు. ఏదీ కొనొద్దంటాను. ఎందుకో చెప్తాను.

ఆ కిట్ డబ్బా ఇంకా నా దగ్గరే ఉంది. అందులో ఇవాళ్టికీ నేను వాడుతున్నవి రెండే: కాగితం కోసేటప్పుడు కింద వేసుకునే ఏ4 సైజు కటింగ్ మ్యాట్, మడత రుద్దే తెల్లటి ప్లాస్టిక్ పుల్ల. రాళ్ల స్టిక్కర్లు ఒక్క వేసవికే జిగురు వదిలేశాయి. మే నెల విజయవాడలో, డాబా కింద గదిలో పెట్టిన డబ్బా మరి. గ్లిట్టర్ రెండుసార్లు వాడాను. నెల తర్వాత కూడా కందిపప్పు డబ్బా మూత మీద మెరుస్తూ కనిపించింది. ఇంట్లో పసిపిల్లలుంటే దాని జోలికి అసలు వెళ్లొద్దు. పువ్వులు కత్తిరించే పంచ్ ఏడాదికి మొద్దుబారింది. క్విల్లింగ్ పీలికలు, అంటే చుట్టి పువ్వులు చేసే సన్నటి కాగితపు పీలికలు, మాత్రం మంచివే. 3 మిల్లీమీటర్ల పీలికని పుల్లకి చుట్టి వదిలితే, అది మెల్లగా విచ్చుకుంటూ ఆగే తీరు చూడముచ్చటగా ఉంటుంది. కానీ ఒక పువ్వుకు అరగంట పడుతుంది. మడత పెట్టడమే రానప్పుడు మొదటి కార్డు మీదే దాంతో కుస్తీ పడితే విసుగొచ్చి మొత్తానికే మానేస్తారు. కిట్‌కి ఐదుకి రెండు మార్కులిస్తాను. పనికి మాత్రం ఐదుకి ఐదు.

అసలు నేర్చుకోవాల్సింది మడత. అది నాకు తెలియడానికి ఏడాది పట్టింది.

బాబాయి కార్డు నిండు ఎరుపు. పెద్దగా కనపడాలని ఏ4 షీటు మొత్తాన్ని సగానికి మడిచాను. మడిచిన చోట ఎరుపు పగిలి, లోపలి తెలుపు పొడుగునా బయటపడింది. దాని మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో పూస్తే ఇంకా వికారంగా తయారైంది. అయినా అదే ఇచ్చాను, ఇచ్చేటప్పుడు మడత నా వైపు తిప్పి పట్టుకుని. తర్వాత అదే రకం షీటును సగానికి కోసి చిన్న కార్డులు చేస్తే ఒక్కటీ పగల్లేదు. చెయ్యి తిరిగిందని సంబరపడ్డాను. కారణం అది కాదని తర్వాత తెలిసింది.

గవర్నర్‌పేటలో మా ఆఫీసు రిజిస్టర్లు బైండింగ్ చేసే పెద్దాయన ఒకరున్నారు. ఒకసారి మళ్లీ పెద్ద కార్డు పగిలితే తీసుకెళ్లి ఆయనకి చూపించాను. ఆయన కొత్త షీటు ఒకటి తీసుకుని, మడవకుండా, రెండు అరచేతుల మధ్య ముందు ఇటు, తర్వాత అటు వంచారు. "చూడమ్మా, ఇటు మెత్తగా వంగుతోంది. అటు బిర్రుగా ఉంది. బట్టకి పోగున్నట్టే కాగితానికీ ఉంటుంది. పోగు వెంట మడిస్తే మాట వింటుంది, అడ్డంగా మడిస్తే విరుగుతుంది" అన్నారు. మిల్లులో కాగితం తయారయ్యేటప్పుడు నారలో ఎక్కువ భాగం యంత్రం నడిచే దిశలోనే పడుకుంటుందట. నేను కొనే ఏ4 షీట్లలో పోగు పొడుగు వైపు ఉంటుంది. పూర్తి షీటును సగానికి మడిస్తే మడత ఆ పోగుకు అడ్డం పడుతుంది. అదే షీటును ముందు రెండు ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కని సగానికి మడిస్తే, మడత పోగు వెంటే వస్తుంది. చిన్న కార్డులు పగలకపోవడానికి కారణం ఇదే. పెద్ద కార్డు కావాలంటే పెద్ద షీటు కొని, పోగు చూసుకుని కోసుకోవాలి. ఆ రోజు నుంచి ఏ కాగితం చేతికొచ్చినా ముందు అటూ ఇటూ వంచి చూస్తాను. శుభలేఖ ఇవ్వడానికి వచ్చినవాళ్ల ముందు కూడా అలాగే చేస్తుంటే మా ఆయన కళ్లతోనే వారిస్తారు.

ఇక మడత పెట్టే పద్ధతి. మధ్యలో పెన్సిలుతో పైనా కిందా రెండు చుక్కలు పెట్టండి. వాటిని కలుపుతూ స్టీలు స్కేలు ఆనించి, ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో గట్టిగా ఒక గీత లాగండి. గీసిన వైపు పల్లం పడుతుంది, వెనక వైపు సన్నటి గట్టు లేస్తుంది. ఆ గట్టు మడత లోపలికి వచ్చేలా మడవాలి. చాలామంది పల్లం లోపలికి పెట్టి మడుస్తారు, నేనూ రెండేళ్లు అలాగే చేశాను. రెండు రకాలుగా ఒక్కొక్కటి మడిచి పక్కపక్కన పెట్టి చూడండి. చివరగా మడత మీద వృథా కాగితం ఒకటి వేసి ప్లాస్టిక్ పుల్లతో రుద్దండి. నేరుగా రుద్దితే రంగు కాగితం మీద మెరుపు గీత పడుతుంది. పుల్ల లేకపోతే స్టీలు చెంచా వెనక భాగం చాలు.

కాగితం కోసం, విజయవాడలో అయితే, వన్‌టౌన్ వెళ్లండి. ప్రింటింగ్ కాగితం, శుభలేఖలు అమ్మే షాపుల్లో "ఎంత జీఎస్‌ఎం కావాలమ్మా?" అని అడుగుతారు. చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే లెక్క అది. జిరాక్స్ కాగితం 75 ఉంటే, కార్డుకు 250 కావాలి. 300 దాటితే కొత్తవాళ్ల చేతికి లొంగదు. స్కూలు పిల్లల చార్టు పల్చన, నిలబెడితే కూలబడుతుంది. అడిగితే కటింగ్‌లో మిగిలిన ముక్కలు చవగ్గా ఇస్తారు, ఒక్కోసారి ఊరికే ఇచ్చేస్తారు. నా మొదటి వంద మడతలు ఆ ముక్కల మీదే అయ్యాయి.

జిగురు సంగతి క్లుప్తంగా: తెల్ల జిగురులో నీళ్లుంటాయి, పల్చటి కాగితం ఆ తడికి ఉబ్బి అలలు తేలుతుంది. గ్లూ స్టిక్ గానీ డబుల్ సైడ్ టేపు గానీ వాడండి. వానాకాలం తేమకి షీట్లు చుట్టుకుపోతుంటే పాలిథిన్ కవర్లో పెట్టి పరుపు కింద పరిచి ఉంచండి.

అలంకరణకి నేనిప్పుడు డబ్బు పెట్టడం లేదు. పెళ్లిళ్ల సీజన్‌లో ఇంటికొచ్చిన శుభలేఖలు దాచుకుంటాను. వినాయకుడి బొమ్మని ముక్కలు చేయబుద్ధి కాదు, దాన్ని తీసి పక్కన పెడతాను. బంగారు అంచులు, మామిడి తోరణాలు వాడుకుంటాను. పసుపు పెట్టిన మూలలు కోసి పారేయను. కొత్త కార్డులో ఆ మూల అలాగే కనిపించేలా అతికిస్తాను. దాన్ని చూసి మా అత్తయ్య ముందు ముక్కుకు దగ్గరగా పెట్టుకుని వాసన చూశారు, తర్వాతే కార్డు తెరిచారు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది అక్షరాల విషయం. కిట్‌లోనూ, తర్వాత కొన్నవాటిలోనూ స్టిక్కర్లు, స్టాంపులు అన్నీ ఇంగ్లీషువే. తెలుగు మాటకి చోటే లేదు. చివరికి ఆఫీసు రబ్బరు స్టాంపులు చేసే షాపుకెళ్లి "శుభాకాంక్షలు" అని చేయించుకున్నాను. మొదటిది చిన్న సైజు చెప్పడం నా పొరపాటు. "క్ష" సందుల్లో ఇంకు నిండి మచ్చలాగా పడింది. రెండోసారి అక్షరం ఎత్తు ఒక సెంటీమీటరు చేయించాను, సున్నా కూడా గుండ్రంగా పడుతోంది. తెలుగు అక్షరం పైనా కిందా కూడా చోటు అడుగుతుంది. తలకట్టుకి, వత్తుకి ఖాళీ వదలకపోతే ఎంత మంచి స్టాంపైనా ముద్దగానే పడుతుంది. ఇంకో మాట, మామూలు స్టాంపు ప్యాడ్ ఇంకు నీటి చుక్క పడితే పాకుతుంది. పిగ్మెంట్ ఇంకు ప్యాడ్ కాస్త ఖరీదే అయినా అదే కొనండి.

లోపల నాలుగు వాక్యాలు మాత్రం స్టాంపుతో కాదు, పెన్నుతో నేనే రాస్తాను. ఎండాకాలంలో అరచేతి చెమటకి జెల్ పెన్ను రాత చెదిరిపోతుంది కాబట్టి చెయ్యి కింద మడిచిన జిరాక్స్ కాగితం పెట్టుకుంటాను. గుంటూరు బ్రాడీపేటలో బాబాయి వాళ్లింటికి వెళ్లినప్పుడు చూశాను, ఆ మొదటి ఎర్ర కార్డు షోకేసులో ఉంది. రాళ్లన్నీ రాలిపోయి జిగురు మరకలే మిగిలాయి. మడత ఇంకా పగిలింది. పెన్నుతో రాసిన వాక్యాలు మాత్రం చెక్కు చెదరలేదు. పిన్ని వాటిని చూడకుండానే అప్పజెప్పింది.

మొదలుపెట్టడానికి 500 రూపాయలు చాలు: కటింగ్ మ్యాట్, స్టీలు స్కేలు, కట్టర్, గ్లూ స్టిక్, పది షీట్లు, నల్ల పిగ్మెంట్ పెన్ను ఒకటి. స్కేలు స్టీలుదే ఉండాలి. ప్లాస్టిక్ స్కేలు అంచుని కట్టర్ చెక్కేస్తుంది, ఆ తర్వాత గీసే ప్రతి గీతా వంకర పోతుంది.

పోస్టులో పంపాలనుకుంటే కార్డుని వంటింటి డిజిటల్ కాటా మీద పెట్టి చూసుకోండి. 20 గ్రాముల లోపు కవరుకు 5 రూపాయల స్టాంపు సరిపోతుంది. 250 జీఎస్‌ఎం ఏ4లో సగం ముక్క దాదాపు 8 గ్రాములు. కవరు, లోపలి కాగితం కలిపినా లెక్కలోనే ఉంటుంది. ఎత్తుగా ఉండే పూసలు, రాళ్లు మాత్రం వద్దు, నేను పంపినవాటిలో ఒకటి కవరుని లోపలి నుంచే చీల్చుకుని వెళ్లింది. షష్టిపూర్తి కార్డు రాళ్ల బరువుకి పోస్టులో వెళ్లదని బస్సెక్కి గుంటూరు వెళ్లి ఇచ్చి వచ్చాను. మొన్న బాబాయి పుట్టినరోజుకు చేసింది కవరుతో సహా 15 గ్రాములు తూగింది. పోస్టు డబ్బాలో వేశాను. అందిందని పిన్ని ఫోన్ చేసింది. మడత ఎలా ఉందని అడిగాను. "మడతా? బాగానే ఉందిగా, ఏమయింది దానికి?" అంది.