క్యాంప్ నౌ టికెట్లు రీసేల్ సైట్లలో కొనేవాళ్లు జాగ్రత్త: మా 430 యూరోలు ఎలా పోయాయంటే

బార్సిలోనా ఫుట్‌బాల్ క్లబ్ మ్యాచ్ చూడటానికి టికెట్లు వెతుకుతున్నవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది చదవండి. 2025 సెప్టెంబర్‌లో తమ్ముడూ నేనూ వెళ్లొచ్చాం. రెండు మ్యాచ్ టికెట్లు, రెండు స్టేడియం టూర్లు కలిపి 430 యూరోలు కట్టాం. మ్యాచ్ చూడలేదు. స్టేడియం లోపల అడుగు కూడా పెట్టలేదు.

తమ్ముడికి చిన్నప్పటి నుంచి ఆ క్లబ్ అంటే ప్రాణం. 1957లో తెరిచిన వాళ్ల సొంత స్టేడియం క్యాంప్ నౌను 2023 వేసవిలో పునర్నిర్మాణం కోసం మూసేశారు. అప్పటి నుంచి "తెరిచిన రోజు మనం అక్కడుండాలి అన్నయ్యా" అంటూనే ఉన్నాడు. క్లబ్ వాళ్లు మొదట 2024 నవంబర్‌కల్లా తిరిగొస్తామన్నారు, అది జరగలేదు. 2025 జులైలో స్పెయిన్ లీగ్ లా లీగా షెడ్యూల్ వచ్చింది. మొదటి మూడు మ్యాచ్‌లూ బయట ఊళ్లలో, తర్వాత సెప్టెంబర్ 14 వారాంతంలో వాలెన్సియాతో సొంత మైదానంలో. కొత్త స్టేడియంలో మొదటి మ్యాచ్ అదేనని మేమూ నమ్మేశాం. క్లబ్ సైట్‌లో ఆ మ్యాచ్ టికెట్లు ఇంకా పెట్టనే లేదు. ఒక రీసేల్ సైట్‌లో మాత్రం బ్లాక్ నంబర్లతో సహా కనిపించాయి. ఒక్కోటి 190 యూరోలు, టూర్ ఇంకో 25. సైట్ పేరు రాయను. ఇదే పద్ధతిలో అమ్మేవి ఇంకా చాలా ఉన్నాయి, ఒక్కదాని పేరు చెబితే మిగతావి మంచివనుకునే ప్రమాదం ఉంది.

క్లబ్ వాళ్లే టికెట్ పెట్టని మ్యాచ్‌కి ఇంకొకరు సీటు ఎలా అమ్ముతున్నారు? ఆ ఒక్క ప్రశ్న అప్పుడే వేసుకోవాల్సింది. ఈ రీసేల్ వాళ్ల చేతిలో టికెట్ ఉండదు. మన డబ్బు ముందు తీసుకుని, దొరికితే తర్వాత కొనిస్తారు.

ఆ పేజీలోని ఫొటో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. పైన గుండ్రంగా తెల్లటి కప్పు, కింద మూడు అంతస్తుల నిండా జనం, ఒక్క ఖాళీ కుర్చీ లేదు. అది ఫొటో కాదు, కంప్యూటర్‌లో గీసిన ఊహాచిత్రం. మేం వెళ్లేనాటికి కప్పు లేదు, పై అంతస్తు పూర్తి కాలేదు. మా టికెట్ల మీద ఉన్నది ఆ పై అంతస్తు సీట్లే. అంటే కట్టని సీటుకు డబ్బు తీసుకున్నారు.

ఆగస్టులో సీజన్‌కు ముందు ఆడే గాంపర్ ట్రోఫీ మ్యాచ్‌ను కూడా క్యాంప్ నౌలో ఆడించలేక యోహాన్ క్రైఫ్ స్టేడియంలో పెట్టారు. అప్పుడే అనుమానం వచ్చి సైట్ వాళ్లకు మెయిల్ రాశాను. "మీ ఆర్డర్ ఖాయం, కంగారు పడకండి" అని జవాబు. సెప్టెంబర్ 9న క్లబ్ ప్రకటించింది, వాలెన్సియా మ్యాచ్ కూడా యోహాన్ క్రైఫ్ స్టేడియంలోనేనని. అది మహిళల జట్టు ఆడే స్టేడియం, పట్టేది 6 వేల మందే. మేం 12న దిగాం. 13 రాత్రి హోటల్ గదిలో ఉండగా మెయిల్ వచ్చింది: "వేదిక మారింది కానీ మ్యాచ్ రద్దు కాలేదు, కాబట్టి రీఫండ్ ఉండదు. సర్వీస్ చార్జీ పోను మిగతాది ఏడాదిలోపు వాడుకునే వోచర్‌గా ఇస్తాం." షరతుల పేజీలో నిజంగానే ఆ వాక్యం ఉంది. తమ్ముడు మెయిల్ చదివి ఫోన్ మంచం మీద పెట్టి చాలాసేపు మాట్లాడలేదు. వాడి మొహం చూశాక నాకు డబ్బు సంగతి గుర్తే రాలేదు.

మరునాడు టూర్‌కి వెళ్లాం. అప్పుడు పనులు నడుస్తున్నందున మైదానం దగ్గరికి, డ్రెస్సింగ్ రూమ్‌కి ఎవరినీ వదల్లేదు. ఆ రోజుల్లో చూపించేది తాత్కాలిక మ్యూజియం మాత్రమే.  మాకు అమ్మినవాళ్లు మాత్రం 'స్టేడియం టూర్' అని రాశారు. గేటు దగ్గర మా కోడ్ స్కాన్ కాలేదు. కౌంటర్‌లో అమ్మాయి రెండుసార్లు ప్రయత్నించి, ఈ నంబర్ మా దగ్గర లేదని మర్యాదగానే చెప్పింది. బయట కంచె చుట్టూ నడిచాం. క్రేన్లు, సిమెంటు దుమ్ము, కంచె సందులోంచి ఫోన్ పెట్టి ఫొటోలు తీసుకుంటున్న మాలాంటివాళ్లు. రాత్రి ఆ పక్కనే లెస్ కోర్ట్స్ అనే పేటలో ఒక బార్ టీవీలో మ్యాచ్ చూశాం. 6-0తో గెలిచారు. ఫెర్మిన్, రఫీన్యా, లెవాండోవ్‌స్కీ తలా రెండు గోల్స్. క్యాంప్ నౌకు నడిచి వెళ్లేంత దగ్గర్లో కూర్చుని టీవీలో చూశాం.

క్యాంప్ నౌ చివరికి నవంబర్ 22న అథ్లెటిక్ బిల్బావోతో మ్యాచ్‌కి తెరుచుకుంది, అదీ 45 వేల మంది అనుమతితో. మొత్తం పూర్తయితే 1,05,000 సీట్లు. పనులు జరుగుతున్నన్నాళ్లు ఏ బ్లాక్ తెరిచి ఉందో క్లబ్ సైట్‌లో చూసుకోకుండా కొనకండి. ఇంకో సంగతి, లా లీగాలో మ్యాచ్ కచ్చితంగా ఏ రోజు, ఏ టైమ్‌కో కొన్ని వారాల ముందు మాత్రమే తేలుతుంది. శుక్రవారం నుంచి సోమవారం వరకు ఎప్పుడైనా పడొచ్చు. ఆదివారం అనుకుని ఆదివారం పొద్దున దిగేలా ఫ్లైట్ తీసుకోకండి. హోటల్ క్యాన్సిల్ చేసుకునే వీలున్నదే తీసుకోండి. యూరప్‌లో ఆన్‌లైన్ కొనుగోళ్లకు ఉండే 14 రోజుల రద్దు హక్కు, తేదీ ఖరారు చేసి అమ్మే ఇలాంటి టికెట్లకు వర్తించదు. ఆ ధీమాతో కొంటే నష్టపోతారు.

నగరం విషయంలో ఒకటి రెండు. టీ-కాజువల్ అనే పది ప్రయాణాల కార్డు ఒక్కరికే చెల్లుతుంది, ఎయిర్‌పోర్ట్ మెట్రో స్టేషన్లలో పనిచేయదు. అదే కార్డుతో ఎయిర్‌పోర్ట్ నుంచి లోకల్ రైల్లో రావచ్చు, మేం అలాగే వచ్చాం. మెట్రోలో, రాంబ్లా అనే వీధిలో జేబుదొంగలు ఎక్కువ, ఫోన్ వెనక జేబులో పెట్టకండి. సగ్రాడా ఫమీలియా చర్చి టికెట్ దాని సొంత సైట్‌లోనే ముందుగా కొనండి. మా ట్రిప్‌లో తమ్ముడు మనసారా నవ్వింది ఆ లోపల రంగుటద్దాల వెలుగులోనే.

బ్యాంకులో డిస్‌ప్యూట్ పెట్టాం. టూర్ డబ్బు 50 యూరోలు వెనక్కి వచ్చాయి, కోడ్ పనిచేయలేదని రుజువుంది కాబట్టి. మిగతా 380 మీద ఇంకా నడుస్తోంది. మీరు ఇప్పటికే ఇలాంటి చోట కొనుంటే, ఆ పేజీని, షరతులను, సీటు నంబర్‌ను ఈ రోజే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. మేం ఫిర్యాదు చేసిన వారానికే ఆ ఊహాచిత్రం తీసేసి, బ్లాక్ నంబర్ల చోట 'అందుబాటును బట్టి' అని మార్చేశారు.