గుర్రానికి రగ్గు కొంటున్నారా? పొడవు ఒక్కటే చూసి డబ్బు కట్టకండి

అమ్మేవాళ్లలో చాలామంది అడిగేది ఒకటే కొలత: రొమ్ము మధ్య నుంచి పక్కగా పిర్ర చివరిదాకా ఎంత పొడవు అని. ఆ పొడవు అంగుళం తేడా లేకుండా కుదిరినా రగ్గు గుర్రం నడకను పాడుచేయొచ్చు. చిక్కంతా మెడ కంత, మూపు (మెడ వీపుతో కలిసే ఎత్తైన చోటు), భుజాల దగ్గరే ఉంటుంది.

గుర్రం ముందుకాలు చాచినప్పుడు భుజం కొన ముందుకు పొడుచుకొస్తుంది, రెక్క ఎముక పై అంచు వెనక్కి తిరుగుతుంది. రగ్గు అక్కడ బిగుసుకుంటే ఆ కదలికకు చోటుండదు, అంగ కురచైపోతుంది. అందుకే భుజం దగ్గర గసెట్, అంటే కాలు చాచితే తెరుచుకునే అదనపు గుడ్డ ముక్క, కుడతారు. అది పైకి మరీ ఎత్తున కుట్టి ఉన్నా, పేరుకి చిన్న ముక్క వేసినా కాలు చాచినప్పుడు తెరుచుకోదు.

మెడ కంత వదులుగా ఉంటే గుర్రానికి హాయి అనుకోకండి. బిగుతు రగ్గు కన్నా ఇదే ఎక్కువ మందిని మోసం చేస్తుంది. రగ్గు వెనక్కి జారుతుంది, మెడ అంచు మూపు వెనక్కి పోతుంది, ముందు భాగం రెండు భుజాలనూ వెనక్కి లాగి పడుతుంది. తడిసి బరువెక్కితే ఇంకా ఘోరం. పైగా జీనులా గంటలో తీసేసేది కాదు కదా, రాత్రంతా ఒంటి మీదే ఉంటుంది.

ప్రకటన ఫొటోల్లో గుర్రం తల ఎత్తి కదలకుండా నిలబడి ఉంటుంది. అలా నిలబడితే ఏ రగ్గయినా బాగానే కనిపిస్తుంది. తల నేలకు దించి మేస్తున్న ఫొటో అడగండి, మెడ కంత చుట్టుకొలత అడగండి. చెప్పకపోతే కొనకండి. డెనియర్ అంకె చూసి వెచ్చదనం అంచనా వేయకండి. అది పై గుడ్డ దారం మందం. వెచ్చదనం చెప్పేది లోపల నింపిన పీచు చదరపు మీటరుకు ఎన్ని గ్రాములన్న లెక్క, 100, 200, 300 అని.

వెంట్రుకలు అంటిన రగ్గును చాలామంది వెనక్కి తీసుకోరు. కాబట్టి ముందు శుభ్రమైన పాత దుప్పటి పలచనిది పరిచి, దానిమీద రగ్గు వేసి చూడండి. మూపు దగ్గర రగ్గు కింద అరచెయ్యి సులువుగా దూరాలి. తల దించినప్పుడు కూడా రొమ్ము పట్టీ కింద చెయ్యి ఆడాలి. పొట్ట కింది పట్టీలకూ పొట్టకూ మధ్య బెత్తెడు చోటుండాలి.

తర్వాత మెత్తటి నేల మీద రగ్గు లేకుండా నడిపించి, వెనక డెక్క ముద్ర ముందు డెక్క ముద్రకు ఎంత దూరంలో పడుతోందో గుర్తుపెట్టుకోండి. రగ్గు వేసి, అలవాటు పడటానికి పది నిమిషాలు ఆగి, అదే చోట అదే వేగంతో నడిపించండి. రెండుసార్లూ పక్కనుంచి వీడియో తీయండి. చిన్న గుండ్రంలో రెండువైపులా తిప్పండి. అంగ తగ్గినా, మలుపులో తడబడినా, రగ్గు తేగానే చెవులు వెనక్కి పెట్టినా ఆ రగ్గు తిప్పి పంపేయండి.

ఇప్పటికే వాడుతుంటే భుజాల మీద జుట్టు అరిగిందేమో, మూపు మీద తెల్ల వెంట్రుకలు మొలిచాయేమో చూడండి. ఉంటే రగ్గు ఈరోజే ఆపేయండి. ఆపాక కూడా అంగ కురచగానే ఉంటే పశువైద్యుణ్ణి పిలిపించండి, కారణం రగ్గు కాకపోవచ్చు.