డిగ్రీలో పర్యావరణ శాస్త్రం: చదివి, ఏళ్లపాటు వాడి చూశాక

డిగ్రీలో ఏ గ్రూపు తీసుకున్నా పర్యావరణం పేపరు తప్పదు. నేను బీఎస్సీలో ఉండగా చదివాను. చదువయ్యాక చేపల చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబులో చేరాను, ఇప్పటికీ అదే పని. అందుకే ఆ పేపరులో ఏది పనికొచ్చిందో, ఏది పరీక్ష హాల్లోనే ఉండిపోయిందో గట్టిగా చెప్పగలను. సిలబస్ బాగుంది. పరీక్ష పెట్టే తీరు బాగాలేదు. ఫీల్డ్ వర్క్ సరిగ్గా చేయిస్తే మాత్రం డిగ్రీలో ఇంతకంటే పనికొచ్చే పేపరు నాకు కనిపించలేదు.

ఈ పేపరు ఊరికే వచ్చింది కాదు. లాయరు ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1991లో పర్యావరణాన్ని అందరికీ తప్పనిసరిగా చెప్పాలంది. ఏళ్లు గడిచాయి, మళ్లీ కోర్టు గట్టిగా అడిగింది, అప్పుడు విశ్వవిద్యాలయాల చదువులు చూసే యూజీసీ ఆరు నెలల సిలబస్ తయారుచేసింది. సహజ వనరులు, ఆవరణ వ్యవస్థలు, జీవవైవిధ్యం, కాలుష్యం, చట్టాలు, జనాభా... మొత్తం ఎనిమిది యూనిట్లు. ఎనిమిదోది ఫీల్డ్ వర్క్. యూజీసీ మాదిరి సిలబస్‌లో 100 మార్కులకు 25 దానికే ఇచ్చారు. చాలా కాలేజీల్లో ఆ 25 రికార్డు చూసి వేసేస్తారు, ఆ రికార్డేమో సీనియర్ల దగ్గర తెచ్చి దించుకున్నది. నా బాధంతా అక్కడే.

మాకు ఈ పేపరు చెప్పింది కెమిస్ట్రీ మేడం. ఆవిడ నీటి కాలుష్యం పాఠాన్ని బోర్డు మీద వదిలేయకుండా ల్యాబుకు తీసుకెళ్లారు. నీళ్లలో కరిగిన ఆక్సిజన్, అంటే డీఓ, వింక్లర్ పద్ధతిలో కొలవడం అక్కడే నేర్చుకున్నాం. 300 మిల్లీలీటర్ల సీసాను చెరువు నీటితో అంచుదాకా నింపాలి, లోపల ఒక్క గాలి బుడగ కూడా మిగలకూడదు. మాంగనీస్ సల్ఫేటు, ఆల్కలీ అయొడైడ్ అజైడ్ పిపెట్‌తో వేసి మూత పెట్టి తిరగేస్తే, ఆక్సిజన్ ఉన్న నీళ్లలో గోధుమరంగు మడ్డి మెల్లగా అడుక్కి దిగుతుంది. లేకపోతే తెల్లగానే ఉంటుంది. తర్వాత సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తే మడ్డంతా కరిగి బంగారు పసుపు. అందులోంచి 200 మిల్లీలీటర్లు తీసుకుని 0.025 నార్మల్ గాఢత ఉన్న థయోసల్ఫేటును బ్యూరెట్ అనే కొలగొట్టం నుంచి చుక్కచుక్కగా వదులుతూ (దీన్నే టైట్రేట్ చేయడం అంటారు), ఎండుగడ్డి రంగుకు వచ్చాక పిండి ద్రావణం వేస్తే నీలం. ఆ నీలం పోయిన చుక్క దగ్గర ఆపాలి. పడిన ప్రతి మిల్లీలీటరు థయోసల్ఫేటుకూ లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము ఆక్సిజన్. సీసాలో బుడగ కనబడిందంటే మేడం "పారబోసి మళ్లీ నింపమ్మా" అనేవారు, అంతే.

ఇప్పుడు మా దగ్గర మీటర్లున్నాయి, కడ్డీ ముంచితే అంకె వస్తుంది. కానీ ఆ అంకె తేడాగా ఉన్నప్పుడు నమ్మాలో వద్దో తేల్చుకోవడానికి ఆ నీలం రంగే నాకు ఆధారం. ఒకే చెరువులో మధ్యాహ్నం డీఓ ఎక్కువుండి తెల్లారుజామున ఎందుకు పడిపోతుందో కూడా ఈ పేపరే చెప్పింది. పగలు నాచు ఎండలో ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి అదే నాచు చేపలతో పాటు తనూ పీల్చుకుంటుంది. మబ్బు పట్టిన రోజుల్లో అసలు పుట్టేదే తక్కువ. చేపలు తేలాయని కంగారుగా ఫోన్ చేసే రైతుకు ముందు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు వేయమని, ఆ పూట మేత ఆపమని ధైర్యంగా చెప్పగలుగుతున్నానంటే ఆ పాఠం వల్లే.

కొల్లేరు గురించి కూడా చెప్పాలి. మా కాలేజీ నుంచి బస్సులో పోయేంత దూరం. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య మంచినీటి సరస్సు, 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ జాబితాలో, అంటే అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో చేరింది. బుడమేరు, తమ్మిలేరు దాంట్లోకి నీళ్లు తెస్తాయి, ఉప్పుటేరు ఒక్కటే సముద్రానికి దారి. ఆ సరస్సు దగ్గరి ఆటపాకలో గూడబాతులను చూపించి, అక్కడి నీళ్లు పట్టించి, ఆహారపు గొలుసు అక్కడే చెప్పొచ్చు. మా పుస్తకంలో మాత్రం గడ్డి, జింక, పులి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు, ఆ నీళ్లు ఎక్కడికి పోవాలి, దారిలో ఏం అడ్డుపడితే ఊళ్లోకి వస్తాయి అన్నది మ్యాప్ ముందుంచుకుని చూస్తే అర్థమైపోయింది. అలా చూడటం ఈ పేపరు నేర్పాల్సిన విద్య. పరీక్షలో అడిగేది "జీవవైవిధ్యమును నిర్వచించి దాని ప్రాముఖ్యతను వివరింపుము".

చట్టాల యూనిట్ మీద నాకు ఇంకా కోపమే. వన్యప్రాణి చట్టం 1972, నీటి చట్టం 1974, గాలి చట్టం 1981, భోపాల్ గ్యాస్ ప్రమాదం తర్వాత పర్యావరణ పరిరక్షణ చట్టం 1986. ఈ ఏళ్లన్నీ బట్టీ పట్టించారు. ఊరి పక్కన పెద్ద ఫ్యాక్టరీ వస్తోందంటే మనం ఏం చేయొచ్చో ఒక్క పీరియడ్‌లోనైనా చెప్పలేదు. ప్రాజెక్టుల పర్యావరణ అనుమతులపై కేంద్రం ఇచ్చిన 2006 నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశం స్థానిక భాషలోనూ పెట్టాలి, మన అభ్యంతరం రాసి ఇవ్వొచ్చు. ఇది నేను ఉద్యోగంలో చేరాకే తెలుసుకున్నాను. డిగ్రీ చదివే పిల్లలు, అందులోనూ పల్లెల నుంచి వచ్చేవాళ్లు, ఆ సభలో లేచి మాట్లాడాల్సినవాళ్లు. వాళ్లకు సంవత్సరాలు కాదు, ఈ దారి కావాలి.

జనాభా యూనిట్ చప్పగా ఉంటుంది, ఇంటర్‌లో చదివిందే. శక్తి వనరులు ఫరవాలేదు.

ఇప్పుడు చదువుతున్నవాళ్లకు నేను చెప్పేదొకటే. గైడు కొనేది ఎలాగూ కొంటారు, పాసవడానికి అది చాలు. ఫీల్డ్ వర్క్ మాత్రం దించుకోవద్దు. మీ ఊరి చెరువో, మురుగు కాలువో ఒకటి ఎంచుకోండి. తెల్లారుజామున, మధ్యాహ్నం, పొద్దుగూకాక మూడుసార్లు నీళ్లు పట్టి, సీసాల్లోనే మాంగనీస్, అయొడైడ్ ద్రావణాలు వేసి మూత బిగించి తెచ్చుకోండి. ద్రావణాలకూ బ్యూరెట్‌కూ కెమిస్ట్రీ ల్యాబు వాళ్లను ముందే అడిగిపెట్టుకోండి, ప్రాక్టికల్ పరీక్షల నెలలో దొరకవు.