కౌలు రైతు సంగతి తెలియాలంటే సర్వే మేలా, ఊళ్లో మకాం మేలా?

పీజీ ప్రాజెక్టుకో పీహెచ్‌డీకో గోదావరి డెల్టాలో కౌలు వ్యవసాయం తీసుకునేవాళ్లకు మొదటి టెన్షన్ ఇదే. ఫారాలు పట్టుకుని నాలుగు మండలాలు తిరగాలా, ఒకే ఊళ్లో దిగిపోయి అక్కడే ఉండాలా? గైడ్లు ఎక్కువగా సర్వే వైపే మొగ్గుతారు. టేబుళ్లు వస్తాయి, చాప్టర్లు నిండుతాయి. నా ఓటు మాత్రం మకాంకే. సర్వే వద్దనను, కానీ దాని వంతు తర్వాత.

ఎంతమంది, ఎంత శాతం, ఎక్కడ ఎక్కువ అన్న ప్రశ్నలకు సర్వేని మించింది లేదు. గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ చొరవతో 1950లో మొదలైన జాతీయ శాంపిల్ సర్వే దీనిమీదే నిలబడింది. లాటరీ తీసినట్టు మనుషుల్ని ఎంచుకుంటే, ఒక శాతాన్ని ఐదు పాయింట్లు అటూ ఇటూగా 95 శాతం నమ్మకంతో చెప్పడానికి సుమారు 385 మంది చాలు. ముందు కొన్ని ఊళ్లను ఎంచుకుని, వాటిలోంచి మనుషుల్ని తీస్తే ఇంకొంత పెంచాలి. విచిత్రం ఏమిటంటే, ఒక్క అమలాపురం డివిజన్‌కైనా, డెల్టా మొత్తానికైనా దాదాపు ఇదే సంఖ్య. చెప్తే నమ్మరు గానీ లెక్క గట్టిదే.

శాంపిల్ నాలుగు రెట్లు చేస్తే ఎంపికలో వచ్చే తేడా సగానికి తగ్గుతుంది. జనం దాచిన నిజం మాత్రం పదివేల మందిని అడిగినా బయటికి రాదు. మన దగ్గర కౌలు చాలావరకు నోటిమాట మీదే నడుస్తుంది. ఎకరానికి ఏడాదికి ఇన్ని బస్తాలు అని అరుగు మీదే తేలిపోతుంది. కాగితం రాస్తే కౌలుదారు రేపు పొలం మీద హక్కు అడుగుతాడేమోనని ఆసామికి, అంటే పొలం యజమానికి, భయం. నోరు విప్పితే వచ్చే ఏడు చేను ఇంకొకరికి పోతుందని కౌలుదారుకి భయం. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలుదారుగా గుర్తింపు కార్డు కావాలన్నా, 11 నెలల ఒప్పందం మీద ఆసామి సంతకం ఉండాల్సిందే.

అలాంటి చోటికి ఫారంతో వెళ్లామనుకోండి.

"ఈ చేను మీదేనాండీ?"

"ఆయ్, మాదేనండి."

"కౌలుకేమైనా చేస్తున్నారా?"

"అబ్బే, లేదండి. ముందు కూర్చోండి, బొండాం కొట్టిస్తాను."

రెండడుగుల అవతల అరుగు మీద, పేపరు చాటున ఆ చేను ఆసామి ఉంటాడు. ఆయన్ని రాసుకోవడానికి ఫారంలో గడి ఉండదు. దానికితోడు మన గోదావరి మర్యాద ఒకటి. ఇంటికొచ్చినవాణ్ణి నొప్పించడం ఎందుకని, మనం ఏ జవాబు కోరుతున్నామో కనిపెట్టి అదే చెప్పేస్తారు. పథకం బాగుందాండీ అంటే బాగుందండి, బాగాలేదాండీ అంటే ఏం బాగుందండీ.

అదే మనిషి, మనం ఊళ్లో కొన్నాళ్లు మసలితే, టీ బడ్డీ దగ్గర తనే మొదలెడతాడు. తుఫానుకి పనలు తడిసిపోతే పరిహారం ఎవరి ఖాతాలో పడిందో, దాళ్వా (రబీ వరి) పెట్టుబడికి ఎవరి దగ్గర ఎంత వడ్డీకి తెచ్చాడో ఒకటొకటీ బయటపడతాయి. రికార్డులున్నాయి కదా అంటారా? ఏ చేను ఎవరు సాగు చేస్తున్నారో రాసే ఊరి రికార్డు అడంగల్‌లో అనుభవదారు (సాగు చేసేవాడు) గడి ఉంది. చాలాచోట్ల అందులోనూ ఆసామి పేరే.

దీని వెనక పాత తత్వ వివాదం ఉంది. సామాజిక వాస్తవాలను వస్తువుల్లా బయటినుంచి చూడమని 1895లో ఫ్రెంచ్ సమాజశాస్త్రవేత్త దుర్ఖైమ్ అన్నాడు. మనిషి తన పనికి తను ఇచ్చుకునే అర్థం పట్టుకోకపోతే సమాజశాస్త్రమే లేదన్నది జర్మన్ సమాజశాస్త్రవేత్త వేబర్ పట్టు. 2011లో కోనసీమలో సార్వా (ఖరీఫ్ వరి) వేయకుండా ప్రకటించిన పంట విరామం తీసుకోండి. ఎన్ని ఎకరాలు బీడు పడ్డాయో దుర్ఖైమ్ దారిలో లెక్కపెట్టొచ్చు. ఎందుకు ఆపారంటే మద్దతు ధర, కూలి ఖర్చు, మురుగు కాలువలు అంటూ ఫారంలో టిక్కులు పడతాయి. ఆ నిర్ణయం ఎవరు తీసుకున్నారు, కౌలుదారుని అడిగారా, ఊడ్పులకెళ్లే ఆడవాళ్లకి ఆ సీజన్ ఎలా గడిచింది? ఇవి టిక్కులకు లొంగవు. ఇక్కడ నేను వేబర్ పక్షం.

అలాగని మకాం నిక్కచ్చి పద్ధతేం కాదు. మనం ఎవరింట్లో దిగితే ఊరు మనకి అక్కణ్ణుంచే కనిపిస్తుంది. ఎం.ఎన్. శ్రీనివాస్ 1948లో మైసూరు ప్రాంతంలోని రామపురలో ఊరి పెద్దకు చెందిన ఇంట్లోనే ఉన్నారు. అంత పెద్ద సామాజిక శాస్త్రవేత్తకే తప్పనిది మనకు తప్పుతుందా? మోతుబరి డాబాలో భోంచేసి సాయంత్రం దళిత పేటలోకి వెళ్తే అక్కడ ఎవరూ మనసు విప్పరు. ఇంకో చిక్కు కూడా ఉంది. కోనసీమ కొబ్బరితోటల ఊళ్లో తెలిసింది భీమవరం వైపు చేపల చెరువుల ఊరికి వర్తిస్తుందా అంటే జవాబు చెప్పలేం.

అందుకే మూడు నాలుగు నెలలే చేతిలో ఉన్నా, మొదటి నెల ఊళ్లోనే ఉండండి. ఫారం ఆ తర్వాత రాయండి. నేరుగా "కౌలా?" అని అడక్కుండా, ధాన్యం ఎవరి పేరున అమ్మారు, ఎరువుల బాకీ ఎవరిది, పరిహారం ఎవరికొచ్చింది అని అడగండి. గైడు టేబుళ్లు కావాలంటే వాటితోనే వేయొచ్చు. ఫారం చివర ఇంకో గడి పెట్టండి: మాట్లాడేటప్పుడు పక్కన ఎవరున్నారు? ఆసామి ఉన్నప్పటి జవాబులు ఒక పక్క, లేనప్పటివి ఇంకో పక్క పెట్టి చూడండి. వైవాలో ఎక్కువసేపు చర్చ నడిచేది ఆ టేబుల్ మీదే.