హాన్లే చీకట్లో రెండు రాత్రులు

చుక్కలు చూడ్డానికే లద్దాఖ్ వెళ్తుంటే హాన్లేలో ఒక్క రాత్రితో సరిపెట్టుకోకండి. నేనూ అన్నయ్యా 2025 సెప్టెంబర్ 20, 21 రాత్రులు ఉన్నాం, 21 మహాలయ అమావాస్య. మొదటి రాత్రి తొమ్మిదికల్లా మబ్బు కమ్మేసింది, ఆ మర్నాడే తిరుగు ప్రయాణం పెట్టుకుని ఉంటే అంత దూరం వెళ్లి ఏమీ చూడకుండా వచ్చేవాళ్లం.

లేహ్ నుంచి సుమారు 250 కి.మీ., చాలావరకు సింధు నది పక్కనే రోడ్డు. పర్మిట్ మేం లేహ్‌లో తీసుకున్నాం. అక్కడ రెండు రోజులు ఏ పనీ పెట్టుకోకుండా రెస్ట్ తీసుకున్నాం, ఎందుకంటే లేహ్ 3,500 మీటర్లైతే హాన్లే అబ్జర్వేటరీ కొండ 4,500 మీటర్లు. ఆ రెస్ట్ లేకపోతే తలనొప్పితో ఆకాశం వైపు చూసే ఓపికే ఉండదు.

బస విషయంలో మాత్రం మొదట తప్పు చేశాం. ఏజెంట్ చెప్పాడని టెంట్ల క్యాంప్ బుక్ చేసుకున్నాం. పరుపులు మెత్తగానే ఉన్నాయి కానీ భోజనాల టెంట్ ముందు తెల్లటి లైటు వెలుగుతూనే ఉంది, రెండుసార్లు అడిగితే గానీ ఆర్పలేదు. 2022లో డార్క్ స్కై రిజర్వ్‌గా, అంటే రాత్రి చీకటిని కాపాడాల్సిన ప్రాంతంగా ప్రకటించిన చోట ఇలా ఉంటే బాధేసింది. మర్నాడే ఊళ్లో ఒకరింటికి మారిపోయాం. చీకటి పడగానే ఆ ఇంటావిడే కిటికీలకు మందపాటి తెరలు దించేసింది. బాత్రూంలో నల్లా లేదు, బకెట్‌తో వేడి నీళ్లిస్తారు. వేడి వేడి తుక్పా (నూడుల్స్ సూప్), పడుకునే గదిలో పొయ్యి, మాకింకేం కావాలి!

టెలిస్కోప్‌తో చూపించేది ఊరివాళ్లే. బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ 24 మందికి శిక్షణ ఇచ్చింది, వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. మాకు చూపించిన అమ్మాయి ముందు ఫోన్లు లోపల పెట్టించి, అరగంట చీకట్లో కూర్చోబెట్టింది. అప్పుడు గానీ పాలపుంత మధ్యలోని నల్లటి చారలు విడివిడిగా కనిపించలేదు.

ఇక శని. అన్నయ్యది మేషరాశి, ఉగాది నుంచి ఏల్నాటి శని మొదలైందని శనివారం శనివారం నువ్వుల నూనె దీపం పెడుతున్నాడు. ఆ శనినే కళ్లారా చూశాడు. ఆ ఏడాది ఉంగరాలు దాదాపు అంచు మనవైపు తిరిగి ఉండటంతో చిన్న పసుపు పూసలోంచి సూది దూర్చినట్టుంది. "ఎంత ముద్దుగా ఉన్నాడురా" అని కన్ను తియ్యడే.

ఆండ్రోమెడా గెలాక్సీ మామూలు కంటికే దూదిపింజలా కనిపించింది, ఆ వెలుగు బయల్దేరి 25 లక్షల ఏళ్లయింది. ఫొటోల్లోని రంగులు మాత్రం టెలిస్కోప్‌లో కనపడవు, ముందే తెలుసుకుని వెళ్లండి. ఆండ్రోమెడా కంటే నాకు హెర్క్యులిస్ తారాగుచ్ఛమే (చుక్కల గుంపు) నచ్చింది, నల్లగుడ్డ మీద పంచదార ఒలికినట్టు.

పగలు అబ్జర్వేటరీ వైపు వెళ్లాం. శాస్త్రవేత్త చంద్రశేఖర్ పేరు పెట్టిన అక్కడి 2 మీటర్ల చంద్ర టెలిస్కోప్‌ను బెంగళూరు దగ్గరి హోస్కోటె నుంచి ఉపగ్రహం ద్వారా నడుపుతారు. గామా కిరణాల కోసం కట్టిన 21 మీటర్ల మేస్ టెలిస్కోప్ అద్దాలు ఎండకు మెరుస్తున్నాయి. దాని తయారీలో మన హైదరాబాద్ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ చెయ్యి కూడా ఉందని తెలిసి చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

అమావాస్య రాత్రి మూడింటికి మళ్లీ లేచాం. గ్లవ్స్ వేసుకున్నా వేళ్లు కొంకర్లు పోతున్నాయి. కృత్తికల్ని మా నానమ్మ పిల్లలకోడి అనేది, ఊళ్లో మేడ మీంచి ఆరు చుక్కలే లెక్కపెట్టేవాళ్లం. ఇక్కడ నాకు తొమ్మిది, అన్నయ్యకు పది వచ్చాయి.