అర్జెంటో సినిమాల దారిలో: రోమ్‌కి ఒక పూట, టురిన్‌కి రెండు రోజులు

హారర్, హత్యల థ్రిల్లర్లకు పేరుపడ్డ ఇటలీ దర్శకుడు దారియో అర్జెంటో పుట్టింది రోమ్‌లో. 1970లో విడుదలైన మొదటి సినిమా తీసిందీ అక్కడే. అయినా ఆయన సినిమాల కోసమే ఇటలీ వెళ్లేవాళ్లు ఎక్కువ సమయం టురిన్‌కే ఇవ్వాలి. 1975 నాటి ‘ప్రొఫొందో రొస్సో’ కథ రోమ్‌లో జరిగినట్టు ఉంటుంది గానీ, మనసులో నాటుకుపోయే వీధులన్నీ టురిన్‌వే.

పోర్తా నువోవా స్టేషన్ నుంచి పది నిమిషాలు నడిస్తే పియాజ్జా సి.ఎల్.ఎన్. అనే కూడలి వస్తుంది. పో, దోరా నదులకు ప్రతీకలుగా రెండు భారీ శిల్పాలు, వాటి కింద ఫౌంటెన్లు. ‘ప్రొఫొందో రొస్సో’ కథానాయకుడు హత్యను చూసేది ఇక్కడి నుంచే. సినిమాలో ఇక్కడ కనిపించే బ్లూ బార్ కోసం మాత్రం వెతకొద్దు, అది షూటింగుకి వేసిన సెట్టు. పగలు చూస్తే మామూలు కూడలే. దుకాణాలు కట్టేశాక వెళ్లి, ఒక శిల్పం పక్కన కెమెరాను బాగా కిందికి పెట్టి చూడండి, సినిమా ఫ్రేము దొరుకుతుంది.

అదే సినిమాలో పాడుబడ్డ ఇల్లుగా కనిపించే విల్లా స్కాట్, కోర్సో జొవాన్ని లాంజా అనే వీధిలో, పో నది అవతల, కొండవాలులో ఉంది. 1902లో ఆర్కిటెక్ట్ ఫెనోల్యో కట్టిన భవనం. షూటింగ్ నాటికి అందులో నన్స్ నడిపే ఆడపిల్లల హాస్టల్ ఉండేది, ఆ పిల్లలను సెలవులకని సముద్రతీర పట్నం రిమిని పంపి సినిమా తీశారు. ఇది ప్రైవేటు ఆస్తి, గేటు బయటి నుంచే చూడాలి. టురిన్‌లోని ఎత్తైన గోపురం లాంటి కట్టడం మోలే ఆంతోనెల్లియానాలో ఉన్న సినిమా మ్యూజియానికి మంగళవారం సెలవు, పైకెళ్లే లిఫ్టుకి టికెట్ వేరు.

టురిన్‌లో బసకి సాన్ సాల్వారియో పేట చవకే గానీ రాత్రి గోల ఎక్కువ. నిద్ర ముఖ్యమైతే క్రొచెత్తా పేట మేలు. గది అద్దె కాక, మనిషికి రోజుకింతని టూరిస్టు పన్ను ఉంటుంది.

రోమ్ నుంచి టురిన్‌కి ఫాస్ట్ ట్రైన్‌లో నాలుగున్నర గంటల లోపే. కొన్ని చవక టికెట్లకు తేదీ మార్చుకునే వీలుండదు, కాబట్టి విమానం దిగిన రోజుకే కొనేయకండి.

రోమ్‌లో వియా దెయి గ్రాక్కి 260లో అర్జెంటో 1989లో పెట్టిన హారర్ సినిమా వస్తువుల దుకాణం ఉంది, మెట్రో ఏ లైన్‌లో లెపాంతో దగ్గర దిగాలి. నేలమాళిగలో చిన్న మ్యూజియం. అభిమానులకు పండగే, మిగతావాళ్లకు అరగంట చాలు. ఆయన ‘ఇన్ఫెర్నో’ సినిమా తీసిన కొప్పెదె పేటకి మాత్రం ఎవరైనా వెళ్లొచ్చు. కమాను కింద వేలాడే ఇనుప షాండ్లియర్‌ని తలెత్తి చూడండి. 3, 19 ట్రాములు పియాజ్జా బ్యూనోస్ ఐరెస్‌లో దింపుతాయి. ట్రాము లైన్లో పనులు జరిగేటప్పుడు వాటి బదులు బస్సులు నడుపుతారు, స్టాపు కూడా మారుతుంది.